కొట్టంలో లేవని మాట

ప్రేమలతను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని మీరనవచ్చు. అనండి. మోకాళ్ళు అరిగాయి, పళ్ళు సగం ఊడాయి, చక్కెర జబ్బు వచ్చి కాఫీలో తీపి పోయింది, ఇది మాత్రం చెక్కు చెదరలేదు. పోయిన నెల ఆమె ఫోన్ చేసి, "చెంచులూ, ఆదివారం మా సంఘం మీటింగుంది. ఈ ఏడు దేనిమీద కొట్లాడల్లనో తేల్చుకుంటాం. నువ్వు రావల్ల" అంది. రానని చెప్పాలనే నోరు తెరిచాను. తెరిచిన నోటితోనే "ఎన్ని గంటలకు?" అని అడిగాను. ఇద్దరం నంద్యాలలోనే ఉంటాం, నాలుగు వీధుల అవతల. నా పేరు చెంచులక్ష్మి. చెంచులూ అని పిలిచేవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. అదీ నాకు కష్టంగానే ఉంటుంది.

"మా సంఘం" అంది చూడండి, అక్కడ గుచ్చుకుంది నాకు. ఆ సంఘం పుట్టింది ఆళ్ళగడ్డలో మా ఇంటి కొట్టంలో, ఎద్దులు కట్టేసే చోట. పుట్టించింది మా అమ్మ ఓబులమ్మ. దాన్ని నంద్యాలకు తెచ్చి, పెద్దది చేసి, నడిపిస్తున్నది మాత్రం ప్రేమలత. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఆమెకు అదే లోకం. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. కర్మలనాడు వచ్చినవాళ్ళంతా నన్ను ఓదార్చి, తర్వాత ప్రేమలత దగ్గరికి పోయి ఆమెనూ ఓదార్చారు. కూతుర్ని నేను ఒక్కదాన్నే కదా, ఆమెకెందుకు ఓదార్పు? ఈ మాట ఆ రోజు ఎవరితోనూ అనలేకపోయాను. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను.

సరే, పోయాను. మేడ మీద హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ నంద్యాల ఎండకు అవి విసిరేదీ వేడిగాలే. ప్లాస్టిక్ కుర్చీల నిండా ఆడపిల్లలు, కొత్త కోడళ్ళు, నర్సులు, టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్ళు. మైకు పట్టుకున్న పిల్ల ఎవరి సమస్య వాళ్ళను చెప్పమంది. ఒక్కొక్కరే లేచి, బెదురు లేకుండా, తమ ఇల్లు, తమ వీధి, తమ ఇబ్బంది చెప్పేశారు. మా వీధిలో దీపాలు వెలగవు అని ఒకామె. మా సందు మొదట్లో మందు షాపు, పిల్లల్ని బడికి పంపాలంటే భయం అని ఇంకొకామె. చివర్న ఆళ్ళగడ్డ దారిలో ఏదో పల్లె నుంచి కాలేజీకి వచ్చే సన్నటి పిల్ల ఒకతి లేచి, "మాకు కాలేజీ ఇడిచే టయానికి బస్సు లేదు మేడం. ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూచొని పోతాండాం. మా ఇంట్లో ఇంగ మానేయమంటాండారు" అని గబగబా చెప్పి కూర్చుంది. ఆ మాటకు నా వెన్ను నిటారయింది. ప్రేమలత వైపు చూశాను. ఆమె తల వంచుకుని ఉంది.

అంతలో మైకు పిల్ల అందరినీ ఫోన్లు తీయమంది. అన్నీ గ్రూపులో పెట్టాను, మీకు నచ్చినదాని మీద నొక్కండి అంది. హాలంతా తలలు వంచింది. టీ ఇంకా పొయ్యి మీద ఉండగానే తేలిపోయింది. వీధి దీపాలు గెలిచాయి. చప్పట్లు కొట్టారు. బస్సుకు ఎవరో కొద్దిమంది నొక్కినట్టున్నారు, ఆ సన్నటి పిల్ల ఫోను సంచిలో వేసుకుని కిటికీ వైపు తిరిగింది. "ఇంతేనా?" అన్నాను. మనసులో అనుకున్నాననుకున్నాను, పైకే వచ్చేసింది. "ఏందవ్వా?" అని మైకు పిల్ల నవ్వుతూ అడిగింది. ఏం లేదులే అన్నాను. ఉంది. మా కొట్టంలో ఇంత తేలిగ్గా తేలేది కాదు. ఇంత తేలిగ్గా ఎవరూ తమ కష్టం తాము చెప్పుకునేవాళ్ళూ కాదు. ఈ పిల్లలను చూస్తే కూడా కుళ్ళే నాకు, ఏం దాచుకోవడం?

మా కొట్టం గురించి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం జీతగాడు ఎద్దులను కాలువకు తోలుకుపోయి కడిగేవాడు. అవి లేని ఆ కాసేపే కొట్టం ఆడవాళ్ళది. అమ్మ పొద్దున్నే పేడ ఎత్తి, ఎద్దులు మేసే గాడిపాడి ఊడ్చి, అలికి పెట్టేది. తడి అలుకు వాసన, మూలనున్న జొన్నసొప్ప వాసన, గోతాల్లో విత్తనం కాయల దుమ్ము వాసన, ఈ మూడూ కలిస్తే ఇప్పటికీ నాకు మీటింగు వాసనే. రోడ్డు వైపు నుంచి శిల్పులు రాళ్ళు చెక్కే ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉండేది. తొలకరికి ముందు విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలవాలి కదా, అది మంచి సాకు. మగవాళ్ళ కంటికి కాయలు ఒలిచే కూలి, మాకు మీటింగు. ఎవరి చాట వాళ్ళు తెచ్చుకుని గోడల వెంబడి కూర్చునేవారు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్లచీరల్లోనే వచ్చే చర్చి పక్క పేట ఆడవాళ్ళు. అమ్మ గుంజకు ఆనుకుని, నోట్లో ఆకువక్క దవడకు నొక్కిపెట్టి, చేతులు ఆపకుండా మాట్లాడేది. చదువు రాదు. ఏదీ రాసేది కాదు, రాయించేదీ కాదు.

ఏడాదికి ఒక్కటే పోరాటం. ఆ ఒక్కటి ఏదన్నది ఆ కాయల ఒలుపులోనే తేలాలి. అమ్మ పెట్టిన కట్టడి ఏమిటంటే, ఎవరి మాట వాళ్ళు ఎత్తకూడదు. నీ కష్టం ఏదో నువ్వు నమ్మిన ఒకామె చెవిన వేయాలి. ఆమె లేచి, అది తన కష్టమే అన్నట్టు, నలుగురికీ చెప్పాలి. చెవిన వేసుకున్నామె ఎత్తుతానని మాటివ్వకూడదు, వేసినామె ఎత్తమని బలవంతం చేయకూడదు. ఒకామె ఎత్తగలిగేది ఒక్క మాటే. ఆమె ఎత్తకపోతే ఆ ఏడాదికి ఆ మాట మునిగినట్టే, ఇంకొకరు అందుకోవడానికి లేదు, ఎందుకెత్తలేదని అడగడానికీ లేదు. అంతా విన్నాక, ఎవరి మాట సబబనిపిస్తే వాళ్ళ పక్కకు చాట తీసుకునిపోయి కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం కాదు. కూర్చున్నామె రేపు ఆఫీసు ముందుకు రావాలి, కూలి పోయినా, మొగుడు తిట్టినా రావాలి. "నోటితో ఊ అనేదానికేం, ఊరంతా అంటాది. ముడ్డి ఎత్తి వచ్చి కూచున్నోళ్ళే లెక్క" అనేది అమ్మ. ఆమె మాటలు అంతే, ముతకగా ఉండేవి.

ఎందుకమ్మా ఈ చుట్టుతిరుగుడు అని ఒకసారి అడిగాను. "ఎవరిది వాళ్ళు చెప్పుకుంటే ఏడుపొస్తాది. ఏడ్చేదానికి మీటింగెందుకు, ఇంట్లో ఏడ్చుకోవచ్చు గదా" అంది. దాని మహిమ నేను కళ్ళారా చూశాను. చౌకదుకాణం పొద్దున వంటవేళకు తప్ప తెరవడం లేదని ఒక కోడలు బాధపడుతుంటే, ఆ పిల్ల పోయి పోయి తన అత్త చెవిలోనే వేసింది. అత్త అంతవరకూ నువ్వు ఆలస్యంగా లేస్తావు గనకే కిరసనాయిలు దొరకలేదని కోడల్ని తిట్టిన మనిషి. ఇప్పుడు లేచి నిలబడి, పొద్దున్నే ఆడది ఎన్ని పనులు చేసుకోవాలో వేళ్ళు మడిచి చెప్పక తప్పలేదు. చెబుతూ చెబుతూ ఆమెకే కోపం వచ్చింది. ఆ ఏడు అదే గెలిచింది. సాయంత్రం పూట కూడా దుకాణం తెరిపించారు. కొట్టంలో నాకు ఇష్టమైన రోజుల్లో అదొకటి.

ఇష్టం లేని రోజులన్నీ ప్రేమలతవే. వాళ్ళ నాయన మా బడిలో అయ్యవారు, చర్చి పక్కన ఇల్లు. తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది. మేమిద్దరం ఒకే తరగతి. ఆదివారం చర్చి నుంచి తెల్ల ఓణీ వేసుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చేది. వస్తూనే అమ్మ ముఖం విచ్చుకునేది. "రా పాపా, తిన్న్యావా?" ఆమె పాప. నేను "ఏమ్మే". బొరుగుల ఉగ్గాని చేస్తే పైన పప్పులపొడి ఎక్కువ పడేది ఆమె పళ్ళెంలో. తల దువ్వేటప్పుడు నా జుట్టు గడ్డి పీకినట్టు పీకే చెయ్యి, ఆమె జుట్టు చిక్కు తీసేటప్పుడు మెత్తబడేది. మా చెట్టు కనకాంబరాలు ఆమె జడలోకి పోయేవి. "తల్లి లేని పిల్ల గదే" అనేది అమ్మ, నేను ముఖం ముడుచుకుంటే. తల్లి ఉన్నందుకు నాకు పడిన శిక్ష అది అనిపించేది. నాకు ఒక్కతే తల్లి, ఆమెలో సగం సంఘానికి పోతే, మిగిలిన సగంలో సగం ప్రేమలతకు పోయేది. నాకు మిగిలింది తిట్లు.

ఆ ఎండాకాలం మా పదో తరగతి అయిపోయింది. ఇద్దరం ప్యాసయ్యాం. కాలేజీ అంటే నంద్యాల. పొద్దున పోవడానికి బస్సుంది. కాలేజీ విడిచే వేళకు తిరిగి వచ్చేదే లేదు. తర్వాతి బస్సు ఆళ్ళగడ్డ చేరేసరికి ఇళ్ళల్లో దీపాలు పెట్టేసేవారు. నాయన మంచం మీద కూర్చుని ఒక్కటే మాట అన్నాడు: "దీపం పెట్టకముందు ఇంట్లో ఉండేటట్లుంటే పో. లేకుంటే గమ్మునుండు, సంబంధాలు చూస్తాం." అంటే బస్సు వస్తే చదువు, రాకపోతే పెళ్ళి. నా బతుకు ఆ బస్సు మీద పడింది. ఆ ఏడాది సంఘం బస్సు మాట పట్టుకుంటే చాలు, అమ్మ పోయి ఆఫీసు ముందు కూర్చుంటే బస్సు కదలకుండా ఉంటుందా అని నా ధీమా. అమ్మ ఎత్తిన మాట ఓడిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ ఆదివారం పొద్దున అమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. పొయ్యి పక్కన కూర్చుని, ఆమె చెవి దగ్గరికి జరిగి, "అమ్మా, బస్సు మాట నువ్వెత్తమ్మా" అన్నాను. రొట్టె తిప్పుతూ "ఊ" అంది. "ఊ అంటే ఎత్తుతావనా?" అన్నాను. "ఊ అంటే విన్న్యా అని. పెనం కాలుతాంది, జరుగు" అంది. తల్లి చెవిన కూతురు వేసిన మాట, అది లేవకుండా ఉంటుందా? నేను అట్లానే అనుకున్నాను. మధ్యాహ్నం ప్రేమలత వచ్చింది. కాయల గోతం తీయడానికి పెరట్లోకి పోయిన నాకు కుడితితొట్టి దగ్గర ఇద్దరూ కనిపించారు. అమ్మ ప్రేమలత తల మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, ఏదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. నాతో అంత దగ్గరగా, అంత నెమ్మదిగా ఎన్నడైనా ఏదైనా చెప్పిందా? గోతం అక్కడే వదిలేసి వచ్చేశాను. నా కడుపులో ఆ రోజు లేచిన మంట ఇదిగో, ఇప్పటిదాకా ఆరలేదు.

కొట్టం నిండింది. ఒకామె లేచి కొళాయి మాట ఎత్తింది. ఒకామె ఆస్పత్రిలో ఆడ డాక్టరు లేదని ఎత్తింది. తర్వాత అమ్మ లేచింది. అమ్మ చాటలో కాయలు కింద పోసి, ఖాళీ చాట చంకలో పెట్టుకుని, "చర్చి వెనకాల కంపచెట్ల బయలు ఉండాది. పేటలో ఆడోళ్ళంతా చెంబు పట్టుకోని పోయేది ఆడికే. ఇప్పుడు ఎవరో పెద్దమనిషి కొన్న్యాడంట, ముళ్ళకంచె ఏసినాడు. తెల్లారకముందే లేసి కాలువగట్టు దాంకా పోవల్ల. పగలు కడుపు నొచ్చిందంటే యాడికి పోవల్ల? వయసొచ్చిన పిల్లోళ్ళు నీళ్ళు తాగకుండా, అన్నం తినకుండా ఉంటాండారు. ఇది నాకొచ్చిన కష్టం. చెప్తాండా" అంది. ఎవరిదో కాదు, అది ప్రేమలత వచ్చి అమ్మ చెవిన వేసిన మాట అని నాకు వెంటనే తెలిసింది. ఆమె నా పక్కనే కూర్చుని, తల ఎత్తకుండా కాయలు ఒలుస్తోంది. అమ్మకు ఉన్నది ఒక్క మాట. అది ఆమెకు ఇచ్చేసింది.

"ఇంగెవరన్నా ఎత్తేదుందా?" అని అమ్మ అడిగింది. అమ్మ చూపు మా వైపు వచ్చి ఆగింది. "ఇంగెవరన్నా?" అని మళ్ళీ అంది. ఉలి చప్పుడు, కాయలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను పళ్ళు బిగించి అమ్మనే చూస్తున్నాను. నన్ను చూసి ఎందుకు అడుగుతుంది, నేను ఎత్తుకోవడానికి లేదని తెలీదా? మూడోసారి అడగలేదు. "అట్లయితే కూచోండి" అంది. చాటలు లేచాయి. పేట వాళ్ళే కాదు, పెరట్లో మరుగు ఉన్న రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా లేచి, కాయలు ఒలికిపోకుండా చాటలు పొట్టకానించుకుని, అమ్మ చుట్టూ పోయి కూర్చున్నారు. కాసేపటికి గోడ వెంబడి నేను తప్ప ఎవరూ లేరు. నేను లేచి మూలన కట్టేసిన దూడ దగ్గరికి పోయి, దాని మెడ కింద గోకుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం, "నా మాట ఏమైంది?" అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమె ఎండిన కాయపొట్టు ఊడుస్తోంది. "లేయాల్సింది లేయలే. ఇంగ దాని మాట ఎత్తగాకు" అంది. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, పరాయి పిల్లకు పెట్టే తల్లివి నన్నెందుకు కన్నావని అడిగాను. అమ్మ అన్నీ విని, పళ్ళెం నా ముందు పెట్టి, లేచిపోయింది.

పోరాటం గెలిచింది, గెలవకుండా ఎందుకుంటుంది? పట్టపగలు ఊళ్ళో ఆడవాళ్ళంతా చేతిలో చెంబులు పట్టుకుని పంచాయతీ ఆఫీసు ముందు వరసగా కూర్చుంటే, లోపల ఉన్న మగవాళ్ళకు బయటికి వచ్చే ముఖం లేకపోయింది. అమ్మ ముందు వరసలో, మెరిసేటట్టు తోమిన మా ఇత్తడి చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. నేను పోలేదు. కంచె తీశారు, ఆ తర్వాత అక్కడే ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కూడా కట్టించారు. ప్రేమలతకు నంద్యాలలో చర్చివాళ్ళ హాస్టల్లో సీటు దొరికింది. చూశారా, ఆమెకు బస్సు కూడా అక్కర్లేకపోయింది! నాకు మరుసటి ఎండాకాలంలో పెళ్ళయింది, అదీ నంద్యాలకే. ఇంటి ముందు ముగ్గు వేస్తుంటే పుస్తకాలు గుండెకు హత్తుకుని కాలేజీకి పోయే ప్రేమలత కనిపించేది. పలకరించేది. ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చేదాన్ని, చక్కెర తక్కువ వేసి. అమ్మ నంద్యాలకు వస్తే నువ్వుండల మూట ముందు హాస్టలుకు పోయేది, తర్వాత మా ఇంటికి వచ్చేది. దారిలో అదే ముందు తగులుతాది గదే అనేది. దారి సంగతి నాకు తెలీదా?

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నేనూ ఇంట్లో కూర్చునే పరీక్షలు రాశాను, నాలుగు మాటలు రాయడం నేర్చుకున్నాను. అమ్మ నా రాతలు ఎవరితోనో చదివించుకుని వినేదని తెలుసు గానీ, బాగుందని నాతో ఒక్కనాడూ అనలేదు. నేనూ ఆ బస్సు మాట ఆమెతో మళ్ళీ ఎత్తలేదు. అట్లాగే ఆమె పోయింది.

ఇంతకీ మీటింగు సంగతి. చప్పట్లయ్యాక టీ ఇచ్చారు. ప్రేమలత వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, మెట్ల దగ్గరున్న వరండాలోకి తీసుకుపోయింది. ఎండ గోడల మీద నుంచి దిగుతోంది. ఆమె నిటారుగా నిలబడే మనిషి, నడుం ఇప్పటికీ వంగలేదు, దానికీ నాకు కుళ్ళే. ఆ రోజు మాత్రం పిట్టగోడకు ఆనుకుంది.

"ఆ పిల్ల బస్సు మాట చెప్తాంటే నీ మొగం చూసినా," అంది.

"నా మొగానికేం?"

"నీకొకటి చెప్పల్ల చెంచులూ. మీ అమ్మ ఉన్నెప్పుడు చెప్పల్లనుకున్న్యా. నోరు రాలే." టీ గ్లాసు గోడ మీద పెట్టింది. "ఆ పొద్దు నీ బస్సు మాట మీ అమ్మ నా చెవినేసింది. కుడితితొట్టి కాడ. నేను లేయలే."

నాకు మొదట అర్థం కాలేదు. "నీ చెవినెందుకేస్తాది? నేనేసింది మా అమ్మ చెవిన," అన్నాను.

"నా బిడ్డ మాట నా నోట రాగూడదు పాపా అనింది. కడుపున పుట్టిందాని మాటంటే నా సొంత మాటే గదా, కట్టడి పెట్టిందాన్ని నేనే తప్పితే ఎట్ల అనింది. నీ మాట నా కాడుండాది, దాని మాట నీ కాడ పెడతాండా అనింది."

"మరెందుకు లేయలే నువ్వు?" అన్నాను.

ప్రేమలత పిట్టగోడ మీంచి కిందికి చూసింది. కింద రోడ్డు మీద బండ్ల రొద. "కుళ్ళు," అంది. "నీకు అమ్మ ఉండె. ఇంటికి పోతే తిట్టేదానికి ఒక మనిషుండె. బస్సు గూడా నీకే ఎందుకు అనిపించె. నేను హాస్టలుకు పోవల్ల, నువ్వు దినామ్మూ సాయంత్రం బస్సెక్కి మీ అమ్మ కాడికి పోతావు. అది తట్టుకోలేకపోతి. మీ అమ్మ ‘ఇంగెవరన్నా’ అని నా మొగమే చూస్తాండె. నేను చాటలో కాయలు చూస్తాంటి."

"మా అమ్మ ఏమనింది తర్వాత?"

"ఏమీ అనలే. వచ్చే ఆదివారం పోతే, రా పాపా, తిన్న్యావా అనింది. తల దువ్వింది. చచ్చేదాంకా ఒక్క మాట అడగలే. అడిగుంటే బాగుండు."

ఏం అనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఇన్నేళ్ళు నేనొక్కదాన్నే మండుతున్నాననుకున్నాను, నన్ను చూసి మండినవాళ్ళు కూడా ఉన్నారన్నమాట! జుట్టు పీకించుకున్న నా తల, నా తిట్లు, నా "ఏమ్మే", అవి చూసి ఒకతె ఓర్వలేకపోయింది. ఆ వెనకే కోపం వచ్చింది, నా చదువు, నా కాలేజీ, పుస్తకాలు గుండెకు హత్తుకుని నడవాల్సిన ఆ దారి, అన్నీ ఆమె చాటలో కాయలు చూస్తుంటే పోయాయి. ఒక్క చెంపదెబ్బ కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు, టీ గ్లాసు ఉంది చేతిలో. ఆ రెండూ దాటి వచ్చింది మాత్రం పాత మంటే. అమ్మ నాకోసం అడిగింది. నా బిడ్డకు బస్సు కావాలని ఒకరి తల మీద చెయ్యి వేసి అడిగింది. ఆ అడగడం ఎట్లా ఉంటుందో ఈమెకు తెలుసు. ఇన్నేళ్ళుగా తెలుసు. కూతురినై ఉండి నాకు తెలీదు.

"ఏ మాటలతో అడిగింది? అట్లే చెప్పు," అన్నాను.

ప్రేమలత దగ్గరికి వచ్చింది. నా తల మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టింది. "పాపా, మా చెంచులు నాలెక్క ఈ కొట్టంలో ఉండిపోగూడదు. దాని నోరు నువ్వు చూసినావు గదా, నా నోటికంటే మేలు. అది చదివిందంటే నలుగురికీ పనికొస్తాది. దానికి చెప్పగాకు, ఇప్పుడే నెత్తికెక్కి కూచుంటాది. నువ్వు లేసి చెప్పు తల్లీ, నీకు మొక్కుతా."

నా నోరు అమ్మ నోటికంటే మేలట. నాకు చెప్పొద్దందట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మెట్ల దగ్గర, ఆడపిల్లలు టీ గ్లాసులతో పక్కనుంచి పోతుంటే, వెక్కి వెక్కి ఏడ్చాను. ప్రేమలత ముక్కు చీదుకుని లోపలికి పోయింది.

నేను ముఖం తుడుచుకుని పోయేసరికి ఆమె మైకు ముందు ఉంది. తేలిపోయింది కదా మేడం అంటోంది మైకు పిల్ల. "తేలలే," అంది ప్రేమలత. "నేనొకటి ఎత్తల్ల. ఇది నా మాట గాదు. ఒకామె నా చెవినేసింది. ఎత్తేదానికి కొంచెం ఆలీసమైంది." పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు కాలేజీ విడిచే వేళకు బస్సు లేదని, దీపం పెట్టకముందు ఇల్లు చేరకపోతే ఇళ్ళల్లో ఏం జరుగుతుందో, పుస్తకాలు అటక మీదికి పోయి పిల్ల ఎక్కడికి పోతుందో చెప్పింది. తనకే జరిగినట్టు చెప్పింది. కాదు, నాకు జరిగినట్టే చెప్పింది, ముగ్గు వేసే వాకిలితో సహా. చెబుతూ నా వైపు ఒక్కసారీ చూడలేదు. "ఫోన్లు లోపల పెట్టండి. ఒప్పుకున్నోళ్ళు కుర్చీ ఎత్తుకోని నా పక్కకొచ్చి కూచోండి. కూచున్నోళ్ళు రేపు డిపో ముందుకు రావల్ల," అని ముగించింది.

ఎవరూ కదల్లేదు. ఇదేం ఆట అన్నట్టు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ సన్నటి పిల్ల తన మాట తాను విని నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ రోజు గోడ వెంబడి నేనొక్కదాన్నే మిగిలాను, ఈ రోజు ప్రేమలత ఒక్కతే నిలబడింది. కాసేపు అట్లా నిలబడనిద్దాం అనిపించింది నాకు. కాసేపు నిలబెట్టాను కూడా. తర్వాత లేచి, నా ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని, ఆ నున్నటి బండల మీద కర్రుమని ఈడ్చుకుంటూ, ముందుకు పోయి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాను. ఆమె కోసం కాదు, అమ్మ మాట కోసం. నా వెనక ఒక కుర్చీ లేచిన చప్పుడయింది, తర్వాత ఇంకొకటి. తర్వాత వినడం మానేశాను.

ప్రేమలత వచ్చి పక్కన కూర్చుంది. కుర్చీలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. నేను ఆమె వైపు చూడకుండానే, "ఇంగోసారి చెప్పు. అమ్మ అన్నట్లే చెప్పు," అని తల వంచాను. ఆమె చెప్పింది, అవే మాటలు, అదే నెమ్మది. విన్నాను. ఎంత విన్నా నేను వింటున్నది ప్రేమలత గొంతే, అమ్మ గొంతులో ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.